చెవిని నమ్మొద్దు, వేలును నమ్ము

తాళి కట్టే క్షణంలో పెళ్ళి మండపం మొత్తం ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దమైపోవడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. చూడకుండానే మీ జీవితం గడిచిపోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే ఆ నిశ్శబ్దాన్ని ఎనిమిది నెలలపాటు, వారానికి మూడు రోజులు, ఫోన్ ముందు బాసింపట్టు వేసుకొని కూర్చొని, ఎంతో శ్రద్ధగా తయారు చేసినవాణ్ణి నేనే. ఒక ఆడమనిషి బతుకును, ఒక కోమటి కుటుంబం ముహూర్తాన్ని, నా ముఖాన్ని ఒక్క వేలితో తగలబెట్టబోయాను. ఏ వేలో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మాది ప్రొద్దుటూరు. నేను డోలు వాయిస్తాను. ఇరవై ఏళ్ళు కడప జిల్లాలో నేను వాయించని పెళ్ళి లేదు. తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. అంటే అందరికీ అలా చెప్పాను. నిజానికి మొరాయించింది నేను. తెల్లవారకముందే లేచి, డోలు భుజాన వేసుకొని, బస్సుల్లో నిలబడి పోవడం నాకు విసుగెత్తింది. సరిగ్గా అప్పుడే ఊళ్ళో అందరూ ఫోన్లలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. లెక్కలు, ఇంగ్లీషు, యోగాసనాలు అన్నీ ఫోన్లోనే. ఒకాయన ఈత కూడా ఫోన్లోనే నేర్పుతున్నాడని విన్నాను. ఈత నేర్పగా లేనిది డోలు నేర్పలేనా అనుకున్నాను. ఆ ఈత నేర్చుకున్నవాళ్ళ సంగతి ఏమైందో కనుక్కుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆరుగురు చేరారు. నెల తిరిగేసరికి ఐదుగురు జారిపోయారు. ఒకాయనైతే, "సార్, నేను డోలక్ అనుకొని చేరినా" అని మూడో వారంలో చెప్పాడు. అంతవరకూ అతని దగ్గర ఏ వాద్యం ఉందో కూడా నాకు తెలియదంటే నా బోధన ఎంత నిశితంగా ఉండేదో మీరే ఊహించుకోండి.

మిగిలింది నాగవేణి ఒక్కతే.

నాగవేణిది ఎమ్మిగనూరు. నేతపని చేసే ఇల్లు. ముప్ఫై ఏళ్ళ మనిషి. వాళ్ళ వీధిలోనే పుల్లన్న అనే పెద్దాయన ఉన్నాడు, సన్నాయి వాయిస్తాడు. ఆయన పక్కన డోలు వాయించే మనిషి ఆ పని మానేసి బెంగుళూరుకు పోయాడు. డోలు లేని సన్నాయిని ఎవరు పిలుస్తారు? పుల్లన్న అరుగు మీద కూర్చొని ఒంటరిగా ఊదుకుంటుంటే, మగ్గం ముందు కూర్చున్న నాగవేణి కాళ్ళ కింది పలక తొక్కుతూ దానికి తాళం వేసేదట. ఒకరోజు పుల్లన్నే వచ్చి అడిగాడట, "ఏమ్మే, కాళ్ళతోనే ఇంత బాగ కొడ్తాండావే, చేతులతో కొడ్తావా?" అని.

వాళ్ళ అమ్మ ఒప్పుకోలేదు. ఆడది పెళ్ళిలో డోలు కొట్టడమేమిటని ఇల్లంతా గొడవ. చివరికి ఆ తల్లి ఒక్క మాట అన్నది: "ఒక్క పెండ్లి కొట్టు. మంచిగ జరిగితే నీ ఇష్టం. ఎవురన్నా ఒక్క మాటన్నారంటే మళ్ళా ఆ డోలు ముట్టుకోగూడదు, మగ్గం కాడికి రావాల."

ఇదంతా నాగవేణి మొదటి రోజే నాకు చెప్పింది. నేను గడ్డం నిమురుకుంటూ, "నేనుండా గదమ్మా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా గడ్డాన్ని నేనే పీక్కోవాలనిపిస్తుంది.

మొదటి పాఠం ఎలా జరిగిందో వినండి. ఆవకాయ జాడీకి ఫోన్ ఆనించి, డోలు ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని పది నిమిషాలు విజృంభించాను. పక్కింటి బర్రె తాడు తెంపుకుంది. కళ్ళు తెరిచి, "ఎట్లుందమ్మా?" అన్నాను.

"సార్, ఏమీ అనుకోగాకండి. మీరు కొడ్తాండారు గాని, ఈడ ఏమీ ఇనపడల్యా."

"ఏమీ ఇనపళ్ళేదా?"

"మీ ఇంట్లో ఎవురో పోపు పెట్టినారు సార్. అది మాత్రం బాగ ఇనపడింది."

ఫోన్‌కు డోలు మోత రొదలాగా అనిపిస్తుందట. రొదను అదే తీసేసి, మాటల్ని మాత్రమే పంపుతుందట. ఇరవై ఏళ్ళ విద్యను ఒక అరచేతి డబ్బా రొద కింద జమకట్టి ఊడ్చేసింది. ఎవరో తెలిసినవాళ్ళు ఏదో నొక్కి దాన్ని సరిచేశారు. డోలు వినబడసాగింది, కానీ ఇంకో తిప్పలు వచ్చిపడింది. నాగవేణి డోలు మొదలుపెడితే నా మాట ఆమెకు చేరదు. ఇక్కడ నేను "ఆపమ్మా, తప్పుపోతాండావు" అని గొంతు చించుకుంటుంటే, అక్కడ ఆమె తప్పునే ఇంకా ఉత్సాహంగా వాయిస్తూ ఉంటుంది. నా మాట చేరేసరికి ఇంకెక్కడో ఉంటుంది, అక్కడ సరిగ్గా వాయిస్తున్నదాన్ని ఆపేస్తుంది.

అప్పుడు వచ్చింది నాకా అద్భుతమైన ఆలోచన.

డోలు వాయించేవాళ్ళం ఒక చేత్తో పుల్ల పట్టుకొని, రెండో చేతి వేళ్ళకు తెల్లటి గట్టి తొడుగులు వేసుకుంటాం. తొడుగు వేసిన చూపుడు వేలు ఎత్తితే ఎంత చిన్న ఫోన్లోనైనా సుద్దముక్కలా తళతళలాడుతుంది. నేను గంభీరంగా చెప్పాను:

"చూడమ్మా నాగవేణీ, ఈ ఫోన్లో శబ్దం ఎప్పుడొస్తాదో ఎప్పుడు రాదో దేవునికే తెల్సు. అందుకని చెవిని నమ్మొద్దు, వేలును నమ్ము. నేను వేలెత్తితే ఆపేయాల. వేలు ఆడించినాననుకో, పుల్ల కింద పెట్టేసి గమ్మున కూచోవాల. దించినాక మళ్ళా కొట్టాల."

"అట్లనే సార్."

"నోటితో నేనేమన్నా సరే, వేలే లెక్క."

"వేలే లెక్క సార్."

గొప్ప శిష్యురాలు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వేలును మీరలేదు. ఒకసారి చెవి దురదపెట్టి వేలెత్తితే, పాపం, నేను గోక్కోవడం అయ్యేదాకా పుల్ల కింద పెట్టి కూర్చుంది.

ఇదంతా వంటింట్లోంచి చూస్తున్న మా ఆవిడ ఒకరోజు అననే అన్నది. "ఏమయ్యా, ఆ పిల్లకు ఒక్క పెండ్లన్నా చూపిచ్చినావా?"

"చూపియ్యడమేంది? ఎన్ని పెండ్లిండ్లు చూసుంటాదో."

"తినేదానికి పోయుంటాది. డోలు పక్కన కూచోని చూసిందా? బస్సెక్కి పోయి ఒక దినం పక్కన కూచోబెట్టుకోని చూపియ్యరాదా?"

"ఎమ్మిగనూరంటే ఈడుందా? రెండు బస్సులు మారాల. మోకాళ్ళు..."

"మోకాళ్ళా? నిన్న శెనగ్గింజల కోసం బజారుకు మూడుసార్లు పోయొచ్చినావే!"

ఆమె మాట విని ఉంటే! ఈ ముక్కను మా ఇంటి గోడ మీద రాయించి పెట్టుకోవలసినవాణ్ణి.

ఎందుకంటారా? పెళ్ళిలో తాళి కట్టే వేళ పురోహితుడు ఏం చేస్తాడో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా వధూవరుల చెవిన పడకుండా డోలు మిన్ను విరిగి మీద పడ్డట్టు మోగాలి. అదే గట్టిమేళం. దానికి ఆయన ఇచ్చే సైగ ఏమిటి?

చూపుడు వేలు ఎత్తి ఆడిస్తాడు.

ఇరవై ఏళ్ళు ఆ వేలిని చూసి గట్టిమేళం వాయించినవాణ్ణి నేను. అదే వేలిని ఆపమనడానికి వాడుకుంటూ, ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా నాకు తట్టలేదంటే, నా తలకాయ కంటే డోలు లోపలే ఎక్కువ సరుకుందని ఒప్పుకోక తప్పదు. పాఠంలో నేను నోటితో "గట్టిమేళం" అనేవాణ్ణి, ఆమె చెలరేగిపోయేది, నేను వేలెత్తి ఆపేవాణ్ణి. తిరగేసిన చొక్కా తొడుక్కొని ఊరంతా ఊరేగినట్టు అన్నమాట.

చివరికి ఆ ఒక్క పెళ్ళి వచ్చింది. ఎమ్మిగనూరులో బట్టల వ్యాపారం చేసే ఒక కుటుంబం. పుల్లన్న సన్నాయి, నాగవేణి డోలు. ఇప్పుడు మాత్రం నా మోకాళ్ళు బ్రహ్మాండంగా పనిచేశాయి. పాఠం చెప్పడానికి ఎక్కని బస్సును, పొగడ్త వినడానికి ఎక్కాను. జరీ అంచు పంచె కట్టుకొని, మండపంలో మూడో వరసలో కూర్చున్నాను.

నాగవేణి నన్ను చూసి దూరం నుంచే దండం పెట్టింది. ఆమె తల్లి వెనకాల స్తంభం పక్కన నిలబడింది, ఎవరు ఏ మాట అంటారా అని చెవులు రిక్కించి.

డోలు మొదలైంది. నిజం చెబుతున్నాను, నేను కూడా ఎప్పుడూ అంత శుభ్రంగా వాయించలేదు. మగ్గం తొక్కిన మనిషి కదా, ఒక్క దెబ్బ అటూ ఇటూ పోవడం లేదు. నా పక్కన ఒక భారీ మనిషి కూర్చున్నాడు. పెళ్ళికూతురి మేనమామ.

"ఎవురప్పా ఆ పాప? భలే కొడ్తాండాదే!" అన్నాడు.

నేను ఈ ప్రశ్న కోసమే రెండు బస్సులు మారి వచ్చాను. "నా శిష్యురాలు" అన్నాను, కండువా సర్దుకుంటూ.

"అట్లనా! యాడ నేర్పినారు?"

"ఫోన్లో."

"ఫోన్లోనా! ఫోన్లో డోలొస్తాదా?"

"నేర్పేవాణ్ణి బట్టి ఉంటాదప్పా."

ఆ మాట అన్న నోటిని ఏం చేసినా పాపం లేదు.

జీలకర్ర బెల్లం వేళ అయింది. వధూవరుల చేతులు పట్టుకొని తలల మీద పెట్టించే పనిలో పురోహితుడికి రెండు చేతులూ ఖాళీ లేవు. అందుకని నోటితోనే "గట్టిమేళం!" అన్నాడు. నాగవేణి విరుచుకుపడింది. మండపం అదిరింది. కాసేపటికి, పళ్ళెం తెమ్మని పురోహితుడు ఎవరికో వేలెత్తి చూపగానే ఠక్కున ఆగింది కూడా. మేనమామ నా తొడ మీద చరిచి, "ఏం నేర్పినారు సామీ!" అన్నాడు. నేను వినయంగా కళ్ళు దించుకున్నాను. ఆ వినయం చూసుంటే మీరు లేచి ఇంకో వరసలో కూర్చునేవాళ్ళు.

తర్వాత మంగళసూత్రం. పళ్ళెం అందరి చేతులూ తాకి తిరిగొచ్చింది. పెళ్ళికొడుకు లేచి నిలబడి, తాళి రెండు చేతులా పట్టుకొని వంగాడు. పురోహితుడు మంత్రం అందుకొని, కుడిచేయి పైకి లేపి, చూపుడు వేలు నిటారుగా ఎత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాడు.

డోలు ఆగిపోయింది.

చెవి ఒకటి చెప్పింది, కన్ను ఇంకొకటి చెప్పింది. ఆమె తన గురువు చెప్పినట్టే చేసింది. పుల్లన్నకు సన్నాయి ఊదేటప్పుడు కళ్ళు మూసుకోవడం అలవాటు. ఒంటరిగా కాసేపు పీ మని ఊది, ఏదో తేడాగా ఉందని ఒక కన్ను తెరిచి, భయపడి ఆయన కూడా ఆపేశాడు. అన్ని వందల మంది ఉన్న మండపంలో ఫ్యాను రెక్కల చప్పుడు. ఆ నిశ్శబ్దంలో, వెనక భోజనాల హాల్లోంచి ఒక గొంతు స్పష్టంగా వినబడింది:

"ఒరేయ్, అయిపాయనా?"

ఇంకో గొంతు అంతకన్నా స్పష్టంగా జవాబిచ్చింది: "అంతా అయిపాయప్పా! ఇంగేమీ లేదు!"

వాళ్ళు సాంబారు గురించి మాట్లాడుకుంటున్నారని పెళ్ళికూతురి నాయనమ్మకు ఎవరు చెప్పాలి? ఆమె గుండె పట్టుకుంది. పెళ్ళికొడుకు తాళితో వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. పురోహితుడు కంగారుపడి వేలిని ఇంకా జోరుగా ఆడించాడు. వేలు ఆడిస్తే ఏం చేయాలి? నాగవేణి పుల్ల కింద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకొని గమ్మున కూర్చుంది.

"కొట్టమ్మా!" అని పురోహితుడు, వేలు ఆడిస్తూనే.

నాగవేణి బెదిరిపోయి రెండు చేతులూ వీపు వెనక్కు పెట్టుకుంది.

ముందు వరసలో ఎవరో అననే అన్నారు: "ఆడోళ్ళకు డోలిస్తే ఇట్లనే ఉంటాది." స్తంభం దగ్గర ఆ తల్లి ముఖం వాడిపోయింది. అనకూడని ఆ ఒక్క మాట అనేశారు.

మేనమామ నా వైపు తిరిగాడు. "ఏమప్పా, మీ శిష్యురాలంటిరే?"

ఇప్పుడు నేను చెప్పబోయేది చెప్పకుండా దాటేయవచ్చు. నవ్వుల మధ్య ఎవరూ గమనించరు కూడా. కానీ దాన్ని దాటేస్తే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. నేను ఆయన ముఖంలోకి చూసి, "ఎవురు? నేనా? నాకా పాప ఎవురో తెలీదు. నేను సన్నాయి గురించి అన్నా" అన్నాను.

అన్నాక, వేదిక మీద నాగవేణి ఎవరినో వెతుకుతుండటం కనబడింది. వందల తలల మధ్య ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, నా మీద ఆగింది. ఫోన్లో పాఠం మధ్యలో బొమ్మ కదలకుండా ఆగిపోతే ఎలా చూసేదో అలాగే చూసింది. 'సార్, ఇనపడ్తాండానా?' అన్నట్టు.

కూర్చోలేకపోయాను. లేచి నిలబడి, ఉన్న బలమంతా కూడదీసుకొని అరిచాను: "ఆపొద్దు!"

మాట తడబడిందో, చివరి ముక్క మింగేశానో తెలియదు. మండపంలో అందరికీ వినబడింది మాత్రం "ఆపు!"

తాళి కట్టే క్షణంలో, మూడో వరసలోంచి, జరీ అంచు పంచె కట్టుకున్న ఒక నడివయసు మనిషి లేచి "ఆపు" అంటే ఎవరు ఏమనుకుంటారో నేను చెప్పనక్కర్లేదు. అందరి తలలూ తిరిగాయి. పెళ్ళికొడుకు నన్ను చూసి, పెళ్ళికూతుర్ని చూసి, మళ్ళీ నన్ను చూశాడు. పెళ్ళికూతురు తల అడ్డంగా ఊపింది, ఈ మనిషిని జన్మలో చూడలేదని.

మేనమామ నా కండువా పట్టుకున్నాడు. "ఎవురప్పా నువ్వు? ఏం సంబంధం నీకు మా పాపతో?"

"పాపతో కాదప్పా, డోలుతో!"

"ఇప్పుడే గదప్పా తెలీదంటివి?"

"అబద్ధం చెప్పినా! ఆమె తప్పేం లేదు, తప్పంతా నాది! వేలు... ఒక్క మాట ఇనండి, వేలు..."

ఒక్క మాట వినమని చెప్పేటప్పుడు మనిషి ఏం చేస్తాడు? వేలెత్తుతాడు. ఎత్తాను. ఎత్తిన వేలితోనే, ఆయన్ను ఈడ్చుకుంటూ వేదిక వైపు పరుగెత్తాను. "కొట్టమ్మా, కొట్టు! గట్టిమేళం!" అని అరుస్తూ, ఆ వేలిని గాలిలో ఆడిస్తూ. అటు పురోహితుడి వేలు, ఇటు గురువు వేలు. పాపం, ఆమె డోలును ఒళ్ళోంచి దించి, పక్కన పెట్టేసింది.

"నోటితో ఏమన్నా వేలే లెక్కంటిరి గద సార్!" అంది, ఏడుపు గొంతుతో.

పుల్లన్నకు అప్పటికి ఏదో వెలిగినట్టుంది. సన్నాయి గాలిలోకి ఎత్తి, "ఓ మేనమామా! ఆయప్ప చెయ్యి దించుప్పా ముందు! సామీ, మీరూ దించండి!" అని కేక పెట్టాడు.

"ముహూర్తం దాటిపోతాండాది, దించండప్పా!" అన్నాడు పురోహితుడు, తన వేలు తాను దించుకుంటూ.

మేనమామ నా రెండు చేతులూ కిందికి గుంజి, వెనక్కు విరిచి పట్టుకున్నాడు. వేలు దిగింది. డోలు లేచింది.

అలాంటి గట్టిమేళం నేను వినలేదు. ఎనిమిది నెలల భయం, అప్పటి అవమానం, తల్లి మీది కోపం, బహుశా నా మీది కోపం కూడా, అన్నీ ఆ పుల్లలో ఉన్నాయి. పెళ్ళికొడుకు ఉలిక్కిపడి మూడు ముళ్ళూ ఒక్క ఊపిరిలో వేసేశాడు. అక్షింతలు రాలాయి. నాయనమ్మ గుండె మీది చెయ్యి తీసింది.

అంతా చక్కబడింది అనుకుంటున్నారా? పురోహితుడు అరచేయి చూపి, "చాలమ్మా" అన్నాడు. నాగవేణి ఆపలేదు. ఆపాలంటే ఏం కావాలో మీకు తెలుసు. ఆ వేలు ఇప్పుడు నా వీపు వెనక మేనమామ గుప్పిట్లో ఉంది.

"వదులప్పా, వేలెత్తాల!"

"మళ్ళా ఎత్తుతావా? ఎముకలిరగదీస్తా!"

"ఎత్తకుంటే ఆమె ఆపదప్పా!"

"నువ్వెవురో మా పెండ్లికి శత్రువు మాదిరుండావే!"

తలంబ్రాలు గట్టిమేళంలోనే పోసుకున్నారు. పురోహితుడి పెదవులు కదలడం తప్ప మంత్రం ఒక్కటి వినబడలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళు ఒకరికొకరు సైగలు చేసుకుంటున్నారు. నేను ఫోన్లో మొదటి రోజు వాయించినప్పుడు నాగవేణికి ఎలా ఉందో, ఆ రోజు ఊరంతటికీ అలాగే ఉంది. చివరికి పుల్లన్న వచ్చి మేనమామ చెవిలో ఏదో అరిచాడు. నా కుడిచేయి ఒక్కటి విడుదలైంది. వేలెత్తాను. డోలు కత్తితో కోసినట్టు ఆగింది.

ఆ నిశ్శబ్దంలో నాయనమ్మ ఒక్కతే మాట్లాడింది. "ఇంతసేపు గట్టిమేళం నా బతుకులో ఇనలే. ఇంగ ఏ తుమ్ము ఏం చేస్తాది మా పాపను?"

దాంతో ముందు వరసలో మాట అన్నవాళ్ళ నోళ్ళు మూతబడ్డాయి. స్తంభం దగ్గరి తల్లి కొంగుతో ముఖం తుడుచుకొని, కూతురికి నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. మగ్గం మాట ఎత్తలేదు. పుల్లన్న నా దగ్గరికొచ్చి, "పాప నా పక్కనే కూచుంటాది, ఇది ఖాయం. నువ్వు మాత్రం మండపంలోకి రాగాకప్పా, నీకు దండం పెడ్తా" అన్నాడు. నిజంగానే పెట్టాడు.

భోజనాలయ్యాక నాగవేణి దగ్గరికి పోయాను. తల ఎత్తలేక, నేల చూస్తూ చెప్పాను. "అమ్మా, నేను నిన్ను తెలీదన్నా. ఆ మేనమామతో అన్నా."

"తెల్సు సార్. ఆయప్ప చెప్పినాడు."

"ఏమనుకున్నావు?"

"ఏమనుకుంటా? సార్ మ్యూట్‌లో ఉండారు, కాసేపైతే వస్తార్లే అనుకున్నా."

తర్వాత ఆమె మెల్లగా అన్నది, ఇంక ఫోన్ పాఠాలు వద్దని. పుల్లన్న పక్కన కూర్చొని పురోహితుల చేతులు చూసి నేర్చుకుంటానని. అలా నా ఆఖరి శిష్యురాలు కూడా పోయింది. పోవలసిందే. రెండు బస్సులు మారితే ఒక్క పూటలో అయిపోయే పాఠాన్ని, సోమరితనంతో ఎనిమిది నెలలు తలకిందులుగా చెప్పినవాడికి శిష్యులెందుకు?

కాబట్టి, చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. శిష్యులు పక్కన కూర్చుంటే తప్ప పాఠం చెప్పను, ఒక్క పెళ్ళన్నా చూపించనిదే ఎవరి చేతికీ డోలివ్వను. బస్సు ఎంత దూరమైనా మోకాళ్ళ పేరు ఎత్తను. నాదైన తప్పును ఇంకొకరి ఒళ్ళో పెట్టి, తెలీదని అనను. ప్రమాణం చేసేటప్పుడు చెయ్యి ముందుకు చాపాలంటారు గానీ, నన్ను క్షమించండి. పక్క వీధిలో ఏదో పెళ్ళి జరుగుతోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని చేస్తున్నాను.